గండిపేట దారికి కట్టిన గుడ్డలు

"నల్లగుడ్డలు వేరే సంచిల పెట్టినవా?"

"పెట్టిన. ముందుగాల ఈ గంజి తాగు."

మా ఆయనకూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆయన గంజి తాగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను గిన్నె మీద మూత పెట్టి, చల్లారకుండా కొంగు కప్పి కూర్చున్నాను. నిద్ర పట్టిందనుకున్నాను. దవాఖానలో పక్క మంచం మనిషి తల్లి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసిన తర్వాత గానీ నాకు తెలియలేదు.

పోయేవాళ్ళు పిల్లలను అప్పగించి పోతారు, దేవుణ్ణి తలుచుకుని పోతారు. మా ఆయన చింకిగుడ్డల గురించి అడిగి పోయాడు. తప్పేమీ లేదు. మాకు పిల్లలు లేరు. ఉన్నదల్లా నాంపల్లిలో ఒక సైకిళ్ళ దుకాణం, గండిపేట అవతలి అడవి దాకా ఒక దారి. ఆ దారి మొత్తం గుడ్డల మీద నడిచేది. అదెట్లాగో చెబుతాను. నేను చెబుతుంటే నా చెల్లెలి మనవరాలు రాస్తున్నది. దుకాణాల బోర్డుల మీది పెద్ద అక్షరాలు కూడబలుక్కోవడం వరకే నా చదువు. నా మోటు మాటను ఈ పిల్ల కొంత సాపు చేస్తున్నది. చేసుకోనీ. ఎదుటివాళ్ళ మాటలు మాత్రం వాళ్ళు అన్నవి అన్నట్టే రాయమన్నాను.

మీరు ఇప్పుడు గండిపేటకు బస్సెక్కి పోయి, పులిహోర తిని వస్తారు. మా కాలంలో సైకిలే. యుద్ధం రోజులు. మా దుకాణం నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్ వైపు పోయే రోడ్డుకు ఆనుకున్న గల్లీ మొదట్లో ఉండేది. ముందు గది దుకాణం, వెనక గది మా కాపురం, మధ్యలో తలుపు లేదు, గోనె పరదా. కిరాయి సైకిళ్ళు, బాగుకొచ్చిన సైకిళ్ళు, ఒక ముసలి మిస్త్రీ. ఆయన్ను నేను చాచా అనేదాన్ని. పంక్చరు వెతకడానికి అందరూ ట్యూబును నీళ్ళలో ముంచుతారు. చాచా చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "నీళ్ళెందుకు బేటీ, దాని దుఃఖం అదే చెప్తది" అనేవాడు. ఆ రోడ్డు గోలలో ఏం వినబడేదో గానీ, చాలాసార్లు మళ్ళీ నీళ్ళలో ముంచింది నేనే.

పనిలో నా వంతు నాకు ఉండేది. అతుకులు వేయడం, గొలుసుకు నూనె పట్టించడం, దొరసానుల సైకిళ్ళు వస్తే తొక్కి చూడటం. దొరసాని సైకిలుకు నడుమ అడ్డకడ్డీ ఉండదు, చీరతో ఎక్కవచ్చు. స్టేషను గోదాముల వెనక తెల్లవారుజామున మా ఆయన వెనక పట్టుకుని పరుగెత్తుతూ నేర్పాడు. ఒకసారి వదిలేసి చెప్పలేదు. వెనక్కు తిరిగి చూస్తే అంత దూరంలో నిలబడి బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆ రోజు నుంచి నా కాలు ఒకచోట నిలవదు. ఇప్పుడు కూడా, చూడండి, మంచం కింద ఊగుతూనే ఉంది.

మా దుకాణానికి ప్రాణం ఆదివారం గుంపు. ఆబిడ్స్ ఆఫీసుల గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురు బడి పంతుళ్ళు. వారమంతా బల్లల ముందు మెడలు వంచుకుని కూర్చున్నవాళ్ళు, ఆదివారం పొద్దున మా దగ్గర సైకిళ్ళు తీసుకుని అడవికి పోయేవాళ్ళు. నాంపల్లి నుంచి మల్లేపల్లి, మెహదీపట్నం తోటలు, లంగర్ హౌజ్. అక్కడ చాయ్. తర్వాత గోల్కొండ కోటగోడను చుట్టి నార్సింగి. అక్కడి నుంచి మూసీ లోయ కనబడుతుంది. గండిపేట కట్ట మీద నుంచి అవతలికి దాటితే సర్కారు వేటల అడవి. మోదుగలు, సీతాఫలం పొదలు, ఏనుగులు పడుకున్నట్టు గుండ్లు, జింకల మందలు. నెమలి ముందు చక్రానికి అడ్డం పరుగెత్తుతుంది. ఆ అడవిని దాటి ఈసా నది లోయలోకి దిగితే హిమాయత్ సాగర్, ఆ చల్లగాలి తగిలించుకుంటూ ఇంటికి. రెండు నదుల లోయలు, మధ్యలో ఒక అడవి. ఇదంతా నేను చూడకముందే నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం గొలుసుల్లో ఇరుక్కున్న గడ్డిపోచలు తీస్తుంటే మా ఆయన చెప్పేవాడు, ఈ గడ్డి ఫలానా వాగుది, ఈ ముల్లు ఫలానా మలుపుదని.

అడవిలో ఒక్క బండిబాట మీద మాత్రమే పోవడానికి సెలవు. ఒకసారి గుంపు దారి తప్పి వేట మంచెల దిక్కు పోయింది. చౌకీదారు తిట్టలేదు, కొట్టలేదు. ప్రతి చక్రంలో గాలి తీసి, పంపులు గుంజుకుని, సలాం చేసి పంపించాడు. గుమాస్తాలు మేకలు తోలుకొచ్చినట్టు సైకిళ్ళను తోసుకుంటూ ఇల్లు చేరారు.

అప్పుడు మా ఆయన ఈ గుడ్డల ఉపాయం పట్టాడు. శనివారం తానే ముందు పోయి, దారి చీలిన ప్రతిచోట చెట్టుకు గుడ్డ కట్టి వచ్చేవాడు. ఎర్రగుడ్డ ఉంటే ఆ పక్కకు తిరగాలి. ఆకుపచ్చది ఉంటే దగ్గరలో మంచినీళ్ళున్నాయి. నల్లది ఉంటే అటు పోవద్దు. కట్టడం కూడా ఊరికే కాదు. సైకిలు మీద కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా ఉండాలి. నల్లగుడ్డలను వేరే సంచిలో పెట్టమని ఎప్పుడూ పోరేవాడు. తొందరలో చెయ్యి ఒక గుడ్డకు బదులు ఇంకొకటి తీస్తే మనుషులు పోయేది ఎక్కడికి?

ఆయన చలికాలంలో పోయాడు, జ్వరంతో. కర్మలన్నీ అయ్యాక కాచిగూడ నుంచి మా అన్న వచ్చాడు. "దుకాణం ఎత్తేయి. మా ఇంటికి రా. ఒక మూలకు కూసోని తిందువు" అన్నాడు. మంచివాడే, ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ మూల నేను చూసిందే. తిరగలికీ నీళ్ళ గాబుకూ మధ్య ఉంటుంది. అంతకు ముందు అందులో మా పెద్దమ్మ కూర్చుంది, చచ్చేదాకా.

"ఆదివారం గుంపు రాకుంట అయిన్నాడు వస్త అన్నా" అన్నాను. అంటే నా బతుకంతా ఆ గుంపు మీద నిలబడింది. వాళ్ళు ఆబిడ్స్‌లో ఇంకో దుకాణం చూసుకున్నారా, నాకు ఆ మూల ఖాయం.

గుంపుకు పెద్ద ఒక హెడ్డు గుమాస్తా. బొద్దుగా ఉండేవాడు, నుదుట బొట్టు చెమటకు కారకుండా మాటిమాటికీ అద్దుకునేవాడు. వచ్చి దుకాణం ముందు నిలబడి నేల చూస్తూ మాట్లాడాడు.

"చెల్లె, గుడ్డలు కట్టేటోడు పాయె. ఇగ ఎట్ల మరి?"

"నేను కడత."

"కట్టు. కడితే మంచిదే. గాని... ఆదివారం పొద్దుగాల మేం బయలెల్లేటప్పుడు..."

చాచా అందుకున్నాడు. "ఫికర్ నక్కో సాబ్. పరదా ఎనక ఉంటది."

ఈ తరం వాళ్ళకు తెలియకపోతే చెబుతున్నాను. బయలుదేరేటప్పుడు విధవ ఎదురైతే పోయిన పని చెడుతుందని మాలో పట్టింపు. ఎదురైతే వెనక్కు వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. గుమాస్తా వెంట వచ్చిన డ్రాయింగ్ మాష్టరు పడుచువాడు, ఊరుకోలేదు.

"ఆమె కట్టిన గుడ్డ చూసుకుంట అడివంత తిరగొచ్చు, ఆమె మొహం చూడొద్దా సార్?"

"గుడ్డకు శకునం లేదు మాష్టరు" అన్నాడు గుమాస్తా, ఎక్కడో చదివినంత ధీమాగా.

అట్లా నాకు పని దొరికింది, పరదా కూడా దొరికింది. గుడ్డలకు కొదవ లేదు. నా రంగు చీరలన్నీ ఇక కట్టరానివే కదా. చాకలికి ఇచ్చేయమన్నారు. నేను చింపాను. చిలకపచ్చ రంగుది, మందార రంగుది, బతుకమ్మకు కట్టినది. చింపుతుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నూలు చీర నిలువునా చిరుగుతున్నప్పుడు వచ్చే చప్పుడు నాకు హాయిగా ఉండేది. పెళ్ళి చీర మాత్రం చింపలేదు. ప్రేమతో కాదు. పట్టుకు ముడి నిలవదు.

శనివారాలు నాంపల్లికి కూరగాయలు తెచ్చిన బండ్లు ఖాళీగా తిరిగి పోయేవి. వాటిలో ఒకదాన్ని ఎక్కేదాన్ని. బండి అంచు మీద నిలబడితే గుడ్డ సరైన ఎత్తులో కట్టవచ్చు. బండివాడు ఎద్దులను ఆపి, నా వైపు చూడకుండా చుట్ట కాల్చుకునేవాడు.

నార్సింగి దాటాక దారి రెండుగా చీలుతుంది. అక్కడ ఒక వేపచెట్టు. కుడివైపు పోతే గండిపేట కట్ట. ఎడమవైపు దిగితే మూసీలో రేవు. ఎండాకాలం నీళ్ళు మోకాలు దాటవు, రేవులో సైకిలు ఎత్తుకుని దాటితే అడవి దగ్గర. వానలు పడితే మాత్రం కట్ట మీద నుంచే పోవాలి. కాబట్టి వానాకాలం ఆ చెట్టుకు కుడివైపు ఎర్రది, ఎడమవైపు నల్లది. ఎండాకాలంలో ఒక శనివారం నేను కడుతుంటే పక్క గూడెం అవ్వ ఒకతె మేకలను ఆపి నన్ను చూస్తూ నిలబడింది.

"ఏం మొక్కుకున్నవు బిడ్డా?"

ఎండకు నా గొంతు ఎండిపోయి ఉంది. మొక్కు కాదని మొదలుపెడితే సైకిళ్ళు, గుమాస్తాలు, చౌకీదారు, అంతా చెప్పాలి. ఉన్నమాట ఒక్కటి చెప్పాను.

"దారి తప్పొద్దని అవ్వా."

అవ్వ చెట్టు వైపు తిరిగి రెండు చేతులు ఎత్తింది.

మరుసటి శనివారానికి ఆ చెట్టుకు నావి కాని గుడ్డలు రెండున్నాయి. ఒకటి తప్పిపోయిన గేదె కోసమట. ఇంకోటి పటాలంలో చేరి ఏ దేశంలో ఉన్నాడో తెలియని కొడుకు కోసం. ఆ పై వారం చెట్టు మొదట్లో ఒక రాయి, రాయికి పసుపు. వారం వారం తెల్లచీర కట్టుకున్న మనిషి బండి దిగి, ఎవరితో మాట్లాడకుండా గుడ్డ కట్టి పోతుంటే వాళ్ళు ఏమనుకుంటారు? దారి మైసమ్మ అని పేరు కూడా పెట్టారు. గేదె దొరికిందట. ఇంకేం కావాలి!

నేను వచ్చి పరదా వెనక నుంచే గుంపుకు చెప్పాను, ఆ చెట్టు దగ్గర గుడ్డలు ఎక్కువైనాయి, నా చీర రంగులే చూసుకోండి అని. గుమాస్తా ఉన్నచోటే దండం పెట్టాడట. డ్రాయింగ్ మాష్టరు పడీ పడీ నవ్వాడు. "రంగులు నేను చూస్తలే అమ్మా. నీకు గుడి కడితే బొమ్మ గూడ నేనే గీస్త" అన్నాడు.

ఆషాఢం వచ్చింది. ఆ ఆదివారం పొద్దున నేను పరదా వెనక నిలబడి గంటలు వింటున్నాను. ఎవరి గంట ఏదో నాకు తెలుసు. గుమాస్తా గంట బొంగురు, మాష్టరు గంటకు మూత వదులు. ఒక్కొక్కటే రోడ్డెక్కి పోయాయి. ఆ చప్పుడు పోయాక ఆ గదిలో ఉండటం నాకు ఎప్పుడూ కష్టమే. పొయ్యి అలికాను. అలికినదే మళ్ళీ అలికాను.

ముందు గదిలో ఒక మనిషి చాచాతో మాట్లాడుతున్నాడు. గండిపేట కట్ట మీద పనిచేసేవాడు, ఆ వేపచెట్టు దగ్గరి గూడెం వాడే. పట్నంలో ఆఫీసుకు కబురు ఇచ్చి తిరిగి పోతుంటే చక్రం గుంతలో పడి వంకరపోయింది.

"జల్దీ చెయ్యి చాచా. పైన వికారాబాదు దిక్కు దంచి కొట్టింది. చెరువు నిండింది. జర పొద్దెక్కినంక తలుపులు ఎత్తుతున్నరు."

"మరి కింది ఊర్లోళ్ళు?"

"రాత్రే దండోరా ఏసిన్రు. ఊర్లోళ్ళకు ఫికర్ లేదు. బోనాలు గూడ మాపటికి పెట్టుకున్నరు. కొత్త మైసమ్మ కదా, మస్తు జేస్తున్నరు. చెట్టు నుంచి రేవు దాక ఎర్రగుడ్డలే కట్టిన్రు, ఏట్ల నుంచి తల్లికి నీళ్ళు తేవాలె అని." నవ్వాడు. "ఎవడో పాపిష్టోడు తల్లి చెట్టుకు నల్లగుడ్డ కట్టి పోయిండట. మా అవ్వ చూసి, ఊడబీకి ఏట్ల పారేసింది."

పరదా తీసుకుని బయటికి వచ్చాను. చాచా చేతిలో చక్రం అట్లాగే ఆగిపోయింది. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నల్లది లేదు. ఎర్రవి రేవు దాకా ఉన్నాయి. గుంపుకు దండోరా తెలియదు.

చాచాకు మోకాలు వంగదు. ఆ మనిషి చక్రం విప్పి ఉంది. కిరాయి సైకిళ్ళన్నీ గుంపుతో పోయాయి. మూలన ఒక దొరసాని సైకిలు ఉంది, బ్రేకు బాగుకు వచ్చినది.

"బ్రేకు ఇంక కాలేదు బేటీ" అన్నాడు చాచా.

"ఆగేటందుకు పోతలేను చాచా."

పట్టపగలు, ఆదివారం పూట, తెల్లచీర కట్టుకుని సైకిలు మీద నాంపల్లి రోడ్డెక్కాను. నన్ను చూసి ఒక టాంగావాడు గుర్రాన్ని నిలువునా ఆపాడు. బిందెలతో వస్తున్న ఆడవాళ్ళు గోడకు అతుక్కుని మొహాలు తిప్పుకున్నారు. "అరె, ముండమోపి సైకిలెక్కింది! కలికాలం!" అని ఒకతె అరిచింది. నాకు ఎదురు పడకూడదని అందరూ పక్కకు తప్పుకున్నారు. మెహదీపట్నం దాకా ఆ రోడ్డు నాకు ఇంత ఖాళీగా ముందెన్నడూ దొరకలేదు, తర్వాత కూడా దొరకలేదు.

లంగర్ హౌజ్ చాయ్ హోటల్ దగ్గర కాలు నేలకు రాసి ఆగాను. "మా గుంపు వొయ్యిందా?"

"కోట దిక్కు పోయిన్రు. మంచిగ దూరం పోయుంటరు."

వెనక పడితే అందరు. కోట చుట్టూ తిరిగే రోడ్డు వాళ్ళది. నేను పాత వంతెన మీద నుంచి మూసీ అవతలికి దాటాను. ఏటి వెంట బండిజాడ ఉంది, అవతలి ఒడ్డు మీద నేరుగా రేవుకే పోతుంది. మా ఆయన చెప్పిన జాడ. నేను ఎన్నడూ పోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు వస్తుంది. ఆ దారికి ఒక్క గుడ్డ కూడా లేదు. తుమ్మలు, నల్లరేగడి బురద. చక్రానికి మట్టి పట్టి తిరగకపోతే దిగి పుల్లతో గీకి మళ్ళీ ఎక్కాను. చీర గొలుసులో పడితే చింపేశాను. చింపడం నాకు అలవాటే. ఎడమవైపు ఏరు మామూలుగా కనబడుతోందని ఒకసారి, కొంచెం ఎర్రబడిందేమోనని ఇంకోసారి. కాళ్ళ కంటే కళ్ళే ఎక్కువ తిరిగాయి.

ఆగు బిడ్డా, ఎడమవైపు కాదు. ఏటికి ఎగువకు పోతున్నాను కదా, అవతలి ఒడ్డు మీద. ఏరు నాకు కుడివైపు. దిద్దుకో.

రేవు దగ్గరికి చేరేసరికి వాళ్ళు అవతలి గట్టు దిగుతున్నారు. వాళ్ళ వెనక చెట్టు, చెట్టు నుంచి నీళ్ళ దాకా ఎర్రగుడ్డల వరస, గాలికి ఊగుతూ, రమ్మని పిలుస్తున్నట్టే ఉంది. రంగులు నేను చూస్తానన్న డ్రాయింగ్ మాష్టరే అందరికంటే ముందు. పంట్లాము మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు విప్పి ఒక బండ మీద పెట్టి, సైకిలు భుజానికి ఎత్తుకున్నాడు.

నేను అరిచాను. గల్లీలోంచి అరిస్తే నాంపల్లి స్టేషనులో కూలీ తల తిప్పే గొంతు నాది. ఆ రోజు అది ఏరు దాటలేదు. నీటి హోరులో నా మాట నాకే వినబడలేదు. రెండు చేతులు ఊపాను. చిరిగిన కొంగు తీసి ఊపాను. నల్లగుడ్డ ఒక్కటి దగ్గర ఉంటే! మాష్టరు నన్ను చూసి, ఎవరో బట్టలు ఉతికే ఆమె పలకరిస్తోందనుకుని, నవ్వి తనూ చెయ్యి ఊపాడు. నీళ్ళలో కాలు పెట్టాడు. ఇంకో కాలు పెట్టాడు.

ఇక్కడి నుంచి వాళ్ళు ఆ ఒడ్డున అనుకున్న మాటలు. తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నారో, నేను దగ్గర ఉండి విన్నట్టే ఉంటుంది.

గుమాస్తా బొట్టు అద్దుకుంటూ తల ఎత్తాడు. అవతలి ఒడ్డున తెల్లచీర, బోడి నుదురు. నేనని గుర్తుపట్టలేదు. విధవ అని మాత్రం గుర్తుపట్టాడు.

"మాష్టరూ! ఆగు! ఎదురైంది!"

"ఎవరు సార్?"

"అగ్గో, ఆ ఒడ్డున. సక్కగ ఎదురొచ్చింది. వాపసు రా. జర కూసోని నీళ్ళు తాగి పోదం."

"సార్, సగం దూరం వచ్చినంక శకునం ఏంది?"

"ఏరు దాటేటిదే అసలు బయలెల్లుడు. రా అంటున్న!"

మాష్టరు రాలేదు. గుమాస్తా అంత బొద్దు మనిషి, చెప్పులతోనే నీళ్ళలోకి దిగి, మాష్టరు భుజం మీది సైకిలు క్యారియరు పట్టుకుని వెనక్కు గుంజాడు. మాష్టరు ముందుకు గుంజాడు. ఏటి మధ్యలో ఇద్దరు చదువుకున్నవాళ్ళు ఒక సైకిలు కోసం కోళ్ళ లాగా కొట్లాడుతుంటే, ఇవతలి ఒడ్డున నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. చివరికి బరువే గెలిచింది. మాష్టరు బురదలో వెల్లకిలా పడ్డాడు. గుమాస్తా వాణ్ణి గట్టు మీదికి ఈడ్చి, ఒక రాయి మీద కూర్చోబెట్టి, తానూ కూర్చుని, సీసా మూత తీసి నీళ్ళు పోశాడు. గుంపు అంతా శాస్త్రప్రకారం కూర్చుని వంతులవారీగా మంచినీళ్ళు తాగుతున్నారు.

అప్పుడు చప్పుడైంది. నాంపల్లి స్టేషనులోకి గూడ్సు బండి వచ్చేటప్పుడు ముందు నేల చెబుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. అట్లాగే. ఏటి నడుమ ఉన్న కొంగలు ఒక్కసారి లేచాయి. ఎర్రటి నీళ్ళు, చెట్ల కొమ్మలు, నురుగు. మాష్టరు చెప్పులు పెట్టిన బండ ఉన్నచోటు కనబడలేదు. అవతలి ఒడ్డున సీసా నోటి దగ్గర పెట్టుకున్న మనిషి అట్లాగే ఉండిపోయాడు. నేను ఇటు, వాళ్ళు అటు, నడుమ ఏరు.

తర్వాత నేను గట్టు వెంట నడిచి, కట్ట మీద నుంచి దాటి, వేపచెట్టు దగ్గరికి చేరాను. సైకిలును పట్టుకుని నడిచాను, దాన్ని నేను నడిపించానో, అది నన్ను నడిపించిందో. గుంపు చెట్టు కింద ఉంది. నన్ను చూడగానే గుమాస్తా లేచాడు.

"చెల్లె! ఆ ఒడ్డున ఉన్నది నువ్వా?"

"నేనే."

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. ఏం అంటాడో అని చూశాను. పరదా తీసేయమంటాడనుకున్నాను.

"నేను చెప్పలే? ఎదురైతే మంచిది గాదని! చూసిన్రా, ఏరొచ్చింది!"

మాష్టరు బురద మొహంతో నన్ను చూసి, ఆయన్ను చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి అది ఏడుపైంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను రాకుంటే ఏరు రాకపోవునా సార్?"

గుమాస్తా నిజంగానే ఆలోచించాడు. పాపం, అబద్ధం ఆడే మనిషి కాదు. "ఏమో చెల్లె. అది నాకేం ఎరుక."

"అయితే వచ్చే ఆదివారం నేను పరదా ఎనక ఉండ. గుడ్డలు గూడ కట్ట. సైకిల్ తీసుకోని మీ అందరికన్న ముందు పోత. నా మొహం మీకు పనికి రాకుంటే వీపు చూసుకుంట రండి."

ఆయన కాదంటే కాచిగూడ, తిరగలి, నీళ్ళ గాబు. గుమాస్తా బొట్టు అద్దుకున్నాడు. చెట్టు వైపు చూశాడు, ఏటి వైపు చూశాడు, వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు.

"వీపుకు శాస్త్రంల ఏం లేదు" అన్నాడు చివరికి. "ముందు పోయేటోళ్ళ మొహం కనబడదాయె."

అట్లా నేను మా ఆయన దారికి ముందు మనిషినైనాను. చాచా నాకొక పాత దొరసాని సైకిలు వెతికి తెచ్చి బాగు చేశాడు. ప్రతి ఆదివారం అందరికంటే ముందు రోడ్డెక్కేదాన్ని. వెనక బొంగురు గంట, వదులు మూత గంట. చివరికి గడబిడలు వచ్చి ఆ దిక్కు ఎవరూ పోకూడని రోజులు వచ్చేదాకా అట్లాగే తిరిగాం. నెమళ్ళు నా చక్రానికే మొదట అడ్డం వచ్చేవి. మా ఆయన చెప్పిన మలుపులన్నీ చెప్పినచోటే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది ఆయన కలిపి చెప్పిందో, నేను కలగన్నదో.

గుమాస్తా తన నమ్మకం వదల్లేదు. పైగా గట్టిపడింది. ఆబిడ్స్‌లో దొరికినవాడికల్లా చెప్పేవాడు, శకునం అబద్ధం కాదు, నా కళ్ళతో చూశానని. నేను కూడా వాదించడం మానేశాను. ఆయన మూర్ఖత్వమే ఆ రోజు మాష్టరును గట్టెక్కించింది. నన్ను గదిలో పెట్టిందీ అదే. రెండూ నిజమే. పడుచువాళ్ళు మీరు, దేన్ని ఏం చేయాలో మీరు తేల్చుకోండి. నాకు తేలలేదు. ఒకటి మాత్రం చెబుతాను. ఊరికాని ఊరిలో ఒక గుర్తు పెట్టేటప్పుడు, దాన్ని అక్కడివాళ్ళు ఏమనుకుంటున్నారో ఆగి అడగండి. ఎంత ఎండగా ఉన్నా సరే.

ఇంకో సంగతి. ఆ పై ఆషాఢం గూడెం అవ్వ నాకోసం బండి పంపింది. దారి మైసమ్మకు మొదటి గుడ్డ నేనే కట్టాలట. పట్నంలో ఎవరి మొదట్లోనూ కనబడరాని దాన్ని, అక్కడ నాతోనే మొదలు. సంచి వెతికితే నూలు చీరలన్నీ అయిపోయాయి. పెళ్ళి చీర చింపాను. ముడి నిలవలేదు. అవ్వ తన నల్లపూసల తాడు లోంచి ఇంత దారం తెంపి బిగించింది.

అంతే. ఇగ కలం కింద పెట్టు బిడ్డా, చెయ్యి గుంజుతుండొచ్చు. నీళ్ళు తాగు. తాగి మొదటి నుంచి చదువు, జర ఇనబడేటట్టు. ఆయన అడిగిన మాట నువ్వు చదివి ఆగు. గంజి తాగమన్న మాట నువ్వు చదవకు. అది నేను అంట.